వెనక సీటులో గుంట

పదకొండు కార్లు చూసి పదకొండింటికీ వంకలు పెట్టింది సూది. పన్నెండో కారు దగ్గర మాత్రం నోరు మూసుకుంది.

సూది ఆమె అసలు పేరు కాదు. మనిషి సన్నగా నిటారుగా ఉంటుంది. పనిలో ఉన్నంతసేపూ పెదాల మధ్య ఒక సూది పట్టుకుని ఉంటుంది, దాన్ని తీసిందంటే మాటలతో గుచ్చుతుంది. కార్ల సీట్లు కుట్టడం ఆమె పని. చిరిగిన తోలు ఊడదీసి, లోపల కుంగిన స్పాంజి మార్చి, కొత్త తొడుగు కుట్టి బిగిస్తుంది. పద్నాలుగేళ్ళుగా ఆమె మనుషుల్ని ముఖాలు చూసి కాదు, కూర్చున్న చోటు చూసి పోల్చుకుంటోంది. ఒక పక్క కుంగితే వెనక జేబులో లావుపాటి పర్సు పెట్టుకునే మనిషి. ముందు అంచు నలిగితే కాళ్ళు అందని మనిషి. అంతా సమంగా కుంగితే నిదానస్తుడు. అలాంటివాళ్ళు తక్కువ.

పాత కార్లు అమ్మేవాళ్ళకి ఆమె అంటే హడల్. ఏ సీటైనా పది నిమిషాలు బాగానే ఉంటుంది, అసలు గుణం నలభయ్యో నిమిషానికి గానీ బయటపడదు అంటుంది. అందుకని ఇంజను ఆపేసిన కారులో నలభై నిమిషాలు ఊరికే కూర్చుంటుంది. ఆ తర్వాత వెనక సీటు మీద గాజు గ్లాసు నిండా నీళ్ళు పెట్టి, హైవే ఎక్కించి, వంతెన అతుకుల మీద నుంచి పోనిస్తుంది. నీళ్ళు ఒలికాయా, ఆ కారు వద్దు.

ఇంత చాదస్తం తన కోసం కాదు. చెల్లెలి కోసం.

చెల్లెల్ని ఇంట్లో కొసరు అని పిలిచేవాళ్ళు. ఇంక పిల్లలు పుట్టరని అమ్మానాన్నలు అనుకున్నాక, అక్కకి పదకొండేళ్ళప్పుడు పుట్టింది. ఇప్పుడు అమ్మా లేదు, నాన్నా లేడు, ఇద్దరే మిగిలారు. ఇరవై రెండేళ్ళ పిల్ల మేడ మెట్ల మీంచి జారి నడుం విరగ్గొట్టుకుంది. వెన్నులో రెండు కడ్డీలు, ఎనిమిది మరలు బిగించారు. అది చేసిన డాక్టరు ఆరు గంటల ప్రయాణమంత దూరంలో ఉన్నాడు, పదిహేను రోజులకోసారి ఆయనకి చూపించాలి. కిందటిసారి అక్క పాత వ్యానులో వెళ్తే కుదుపులకి ఒక మర వదులైంది. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పట్టుకుని చూపించాడు.

"ఇంకోటి ఊడితే కాళ్ళు పోతాయమ్మా. ఆ తర్వాత నన్ను తిట్టుకుని లాభం లేదు."

మళ్ళీ వెళ్ళడానికి తొమ్మిది రోజులుంది.

"దూరాలకి దీన్ని మించింది లేదు," అన్నాడు కార్లమ్మే ఆయన, పన్నెండో కారు మీద చెయ్యి వేసి. "పొడుగాటి బండి, గతుకు తెలీదు. అద్దాలెత్తితే పక్కన లారీ హారన్ కొట్టినా ఎవరో దగ్గినట్టుంటుంది. వేగం ఒకసారి పెట్టేస్తే అదే పట్టుకుని పోతుంది, మీరు కాలు కూడా ఆనించక్కర్లేదు."

"ఇంత మంచిదాన్ని ఎందుకమ్మారు?"

"మొదటాయన డ్రైవింగ్ మానేశాడు."

సూది వంగి డ్రైవరు సీటు కింద వేళ్ళు పోనిచ్చింది. తొడుగు బిగించే అంచు పొడవునా మూడు వరసల పాత సూదిరంధ్రాలు తగిలాయి. నాలుగేళ్ళు నిండని బండికి డ్రైవరు సీటు మూడుసార్లు మార్చారు, లోపలి స్పాంజితో సహా. వెనక సీటు మాత్రం బండితో పుట్టినదే.

"రెండో ఆయన?"

"ఆయనా మానేశాడు."

"మూడో ఆయన కూడా మానేశాడా అన్నా?"

"మీరు భలే పట్టేస్తారమ్మా," అంటూ ఆయన తాళంచెవిని చొక్కాకి తుడుచుకున్నాడు. "శుభ్రం ఎక్కువ వాళ్ళకి. అందుకే సీట్లు మార్పించారు."

ఆమె వెనక తలుపు తెరిచింది. డ్రైవరుకి సరిగ్గా వెనక, సీటులో ఒక గుంట. అరచెయ్యి పెడితే మణికట్టు దాకా దిగింది. ఇన్నేళ్ళలో అంత లోతు గుంట ఆమె చూడలేదు. ఎవరో చాలా బరువుగా, చాలా కాలం, ముందుకి వాలి కూర్చున్నారు. డ్రైవరు సీటు వీపుకి, ఈ మధ్యే వేసిన తొడుగు మీద కూడా, రెండు మోకాళ్ళ అచ్చులున్నాయి. గుంట అడుగున స్పాంజి గట్టిపడి చెక్కలా తగిలింది. టీ ఒంపుకుని ఉంటారు, అనుకుంది. మర్యాద తెలియని మనిషెవడో.

నలభై నిమిషాలు కూర్చుంది. నడుం ఎక్కడా పట్టలేదు. గ్లాసు నింపి ఆ గుంటలోనే నిలబెట్టి హైవే మీద అరగంట తిప్పి తెచ్చింది. దిగి చూస్తే గ్లాసు నిలబెట్టినట్టే ఉంది. సీటు మీద ఒక్క చుక్క పడలేదు. కాకపోతే గ్లాసులో నీళ్ళు సగమే ఉన్నాయి.

"ఎండకి ఆవిరైపోయుంటాయి," అన్నాడు ఆయన.

"అరగంటలోనా?"

"మీరే తక్కువ పోశారేమో."

పోసిందేమో. మర్నాడు కొసరుని తీసుకొచ్చి, ఇద్దరు పట్టి నెమ్మదిగా వెనక సీట్లో చేరేశారు. వీపు తలుపుకి ఆనించి, కాళ్ళు సీటు పొడవునా చాచి, నడుం ఆ గుంటలో దించారు. పిల్ల ముఖం చూస్తూ నిలబడింది సూది. మూడు నెలలుగా ఆ నుదుటి మీద ఉన్న ముడత మెల్లగా విడిపోయింది.

"ఎలా ఉందే?"

"ఎవరో ఒళ్ళో కూర్చోబెట్టుకున్నట్టుందక్కా," అంది కొసరు, కళ్ళు మూసుకుని. ఆ మాట అని రెండు నిమిషాల్లో నిద్రపోయింది, ఆ కార్ల మధ్యే, నోరు తెరుచుకుని. మాత్ర వెయ్యకుండా ఆ పిల్ల నిద్రపోవడం ఆపరేషన్ తర్వాత అదే మొదలు.

ఇంకేం చూస్తుంది సూది. కారు ఇంటికి వచ్చింది.

ఇంకెవరైనా అయితే ఆ వెనక సీటు స్పాంజి పీకి పారేసి కొత్తది వేసేవాళ్ళు. సూదికి పని తెలుసు, అదే కొంప ముంచింది. కొత్త స్పాంజి బిర్రుగా ఉంటుంది, ఒంటికి అలవాటు పడేసరికి నెలలు పడుతుంది. ఈ గుంట చెల్లెలి నడుముకి కొలిచి చెక్కినట్టు కుదిరింది. కడిగితే ఆకారం చెడుతుంది. అందుకని తడి తగలనివ్వలేదు. పొడి బ్రష్షుతో దులిపి, మీద తెల్లటి మెత్తని తొడుగు వేసి, గుంట అంచు వెంబడే దగ్గర దగ్గరగా కుట్టింది. ఒక్క చెంబుడు నీళ్ళు పోసి పిండి ఉంటే ఆ రాత్రే రంగు తెలిసేది.

*

పొద్దున ఏడింటికి బయల్దేరారు. రెండు గంటలు పెళ్ళికి వెళ్తున్నట్టు సాగింది ప్రయాణం.

"అక్కా, ఈసారి నువ్వు ఆ డాక్టరుతో కాస్త నవ్వుతూ మాట్లాడు. పెళ్ళి కాలేదట."

"నీ వెన్నులో మరలు వదులయ్యాయనుకున్నా. తల్లో కూడానా."

"ఆయన కుర్చీ కూడా కుంగిపోయింది, చూశావా? దాంతో మొదలుపెట్టు మాటలు."

సూది నవ్వాపుకుంటూ వేగం వందకి పెట్టి కాలు తీసేసింది. కారు ఆ వేగం పట్టుకుని తన దారిన తను పోతోంది. ముందు తిన్నని రోడ్డు. రెండు పక్కలా ఇనప కంచె. కొసరు మాత్ర వేసుకుంది.

పది గంటలకి వాన మొదలైంది. ముందు సన్నగా. తర్వాత రోడ్డు కనపడనంతగా. లారీల వెనక ఎర్ర దీపాలు మాత్రమే తేలుతున్నాయి. అద్దాలెత్తిన కారులో ఆ వాన చప్పుడు కూడా ఎక్కడో పక్కింట్లో కురుస్తున్నట్టుంది.

"ఉక్కగా ఉందక్కా. కొంచెం అద్దం దించు."

"తడుస్తావే."

"తడవనీ. ఒళ్ళు కాలిపోతోంది."

బెత్తెడు దించింది. జల్లు లోపలికి కొట్టింది. చల్లగాలితో పాటు ఇంకో వాసన కూడా లేచింది. మొదట తన కత్తెరలు తడిసి తుప్పు పట్టినప్పటి వాసన అనుకుంది. తర్వాత అందులో ఇంకేదో కలిసింది. తియ్యగా, ముతకగా... మాంసం కోసే బల్ల కడిగిన నీళ్ళ వాసన.

వీపులో ఏదో గుచ్చుకుంది.

రెండు చోట్ల. గుండ్రంగా. సీటు వీపు అవతల నుంచి ఎవరో మోకాళ్ళు ఆనించి నెమ్మదిగా తోస్తున్నారు.

"కొసరూ, కాళ్ళు తియ్యి."

లోపలి అద్దం వంచి చూసింది. కొసరు పడుకున్నట్టే ఉంది. రెండు కాళ్ళూ సీటు పొడవునా చాచే ఉన్నాయి, పాదాలు అవతలి తలుపు దగ్గర.

మోకాళ్ళు ఇంకాస్త గట్టిగా తోశాయి.

చాచిన కాళ్ళ కింద తెల్లటి తొడుగు తడిసి నల్లబడింది. నల్లబడటం కాదు. కుట్టు కుట్టుకీ ఒక బొట్టు పైకి ఉబుకుతోంది. తను వేసిన ప్రతి సూదిరంధ్రం లోంచీ. బొట్లు కలిసి ధార కట్టి సీటు అంచు మీంచి కిందికి దిగుతున్నాయి. ఎర్రగా.

మూడు వరసల రంధ్రాలు గుర్తొచ్చాయి ఆమెకి. శుభ్రం ఎక్కువ ఉన్న ముగ్గురు మనుషులు గుర్తొచ్చారు.

"అక్కా..." గుసగుసలా వచ్చింది గొంతు. "నన్ను లేపొద్దు."

"నేనెక్కడ లేపుతున్నానే?"

"ఎవరో లేపుతున్నారు."

అద్దంలో చూస్తుండగానే కొసరు లేచి కూర్చుంది. దిండు ఆసరా లేకుండా తల కూడా ఎత్తలేని పిల్ల. గుంట లోంచి తోసినట్టు నడుం పైకి లేచింది, కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి కిందికి దిగాయి, మోకాళ్ళు వచ్చి డ్రైవరు సీటు వీపుకి ఆనుకున్నాయి. ముందుకి వాలింది. లోపల కడ్డీలు కిర్రుమన్నాయి. ఆ చప్పుడు వాన చప్పుడుని మించి వినపడింది. కొసరు నోరు తెరుచుకుని ఏడుస్తోంది. చేతులు మాత్రం ఏడవట్లేదు. అవి తిన్నగా, తెలిసిన పని చేస్తున్నట్టు, సూది భుజం పక్క నుంచి సీటు బెల్టు పట్టుకుని లాగాయి.

"నేను కాదక్కా. చూడు, నేను కాదు."

బెల్టు గొంతు మీదికి ఎక్కింది. ఒక చుట్టు. తల వెనక దిండు చుట్టూ ఇంకో చుట్టు. బిగిసింది.

సూది బకిలు నొక్కింది. టక్కుమని ఊడింది, కానీ గొంతు చుట్టూ ఉన్నది ఊడలేదు. కాళ్ళు పెడళ్ళకి అందకుండా గాల్లోకి లేచాయి. కారు వంద మీదే పోతోంది. కాలు ఆనించక్కర్లేదు అన్నాడుగా కార్లమ్మే ఆయన. ముందు లారీ దీపాలు దగ్గరవుతున్నాయి... స్టీరింగ్ వేలి కొసతో తట్టింది. కారు పక్కకి ఒరిగి, లారీని తప్పించుకుని, ఇనప కంచెని రాసుకుంది. పక్క అద్దం ఎగిరిపోయింది. నిప్పురవ్వలు వానలో పడి ఆరిపోతున్నాయి.

కళ్ళ ముందు ఎర్రటి చుక్కలు. చెవుల్లో హోరు.

"కొట్టక్కా నన్ను. కొట్టు. చచ్చిపోతావ్."

ఎలా కొడుతుంది. తల్లి పోయినప్పుడు పదేళ్ళ పిల్ల. తనే జడ వేసింది, అన్నం పెట్టింది, పరీక్షలకి దింపి గేటు దగ్గర నిలబడింది. ఆ నడుముకి కుదుపు తగలకూడదని పన్నెండు కార్లు చూసింది.

సీటు పక్కన మీట ఉంటుంది, వెనక్కి వాల్చేది. కళ్ళు మూసుకున్నా ఆమె చేతికి తెలుసు. పట్టుకుంది. ఎత్తింది. ఒళ్ళు బరువంతా వెనక్కి విసిరింది.

సీటు వెళ్ళి మోకాళ్ళ మీద పడింది. ఎముక చప్పుడు. కొసరు అరిచిన అరుపు కొసరుదే. బెల్టు సడలింది. సూది వెల్లకిలా చెల్లెలి ఒళ్ళో పడి ఉంది, రెండు ముఖాలు తలకిందులుగా, జానెడు దూరంలో. చెల్లెలి కన్నీళ్ళు ఆమె కళ్ళలో పడ్డాయి.

"ఇంకా వదల్లేదక్కా," అంది ఆ నోరు. చేతులు మళ్ళీ గొంతు వెతుక్కుంటున్నాయి. బొటనవేళ్ళు గొంతు గుంటలో దిగాయి.

తలుపు అరలో కుట్లు విప్పే కత్తి ఉంది, కొక్కెంలా వంగినది. చేతికి దొరికింది. పక్కకి తిరిగి చెల్లెలి మోకాళ్ళ మధ్య నుంచి వెనక సీటు అంచుకి గుచ్చి లాగింది. తొడుగు బర్రున చీలింది. గుంట నోరు తెరిచింది. మళ్ళీ గుచ్చింది. స్పాంజి కోస్తే చేతికి ఎలా తగులుతుందో ఆమెకి తెలుసు. ఇది అలా తగల్లేదు. మెత్తగా, పీచుగా, వేడిగా తగిలింది. కత్తిని లోపల్నించి ఏదో పట్టుకుంది. సూది రెండు చేతులతో పట్టుకుని లాగింది, పొడిచింది, లాగింది. వేడి నెత్తురు మోచేతుల దాకా చిమ్మింది. ఒకసారి కత్తి జారి చెల్లెలి తొడని జానెడు పొడవున చీల్చింది. ఆగలేదు. ఆగితే ఇద్దరూ పోతారు. ఊపిరి అందక, ఏం అరుస్తోందో తనకే తెలియక, పద్నాలుగేళ్ళ పనితనమంతా పెట్టి ముక్కలు ముక్కలుగా కోసింది.

చేతులు ఒక్కసారిగా వదిలేశాయి. కొసరు బట్ట జారినట్టు పక్కకి పడింది.

కారు కంచెని రాసుకుంటూ ఇంకా పోతూనే ఉంది. సూది పాకి, స్టీరింగ్ పట్టుకుని, బ్రేకు మీద కాలు పెట్టింది. నెమ్మదిగా. పసిపిల్లని జోకొట్టినంత నెమ్మదిగా. అంత నెత్తుట్లోనూ ఆ పిల్లకి కుదుపు తగలకూడదు.

బండి ఆగాక గుంటలో ఉన్నదంతా చేతులతో పెకలించి కంచె అవతలికి విసిరేసింది. ముక్కలు వానలో నానుతూ పడి ఉన్నాయి. ఉత్త స్పాంజి. పాతబడి పసుపెక్కిన స్పాంజి.

*

అంబులెన్సులో ఇద్దర్నీ ఆ డాక్టరు దగ్గరికే తెచ్చారు. సూది గొంతు చుట్టూ బెల్టు వెడల్పున నల్లటి గీత. కొసరు మోకాళ్ళు రెండూ వాచి కుండల్లా ఉన్నాయి. తొడ మీది గాయానికి అంబులెన్సులోనే గుడ్డ కట్టారు.

"ప్రమాదం జరిగిందండీ," అంది సూది, ఎవరడిగినా. వేరే ఏం చెప్తుంది.

డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పట్టుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"కిందటిసారి వదులైన మర ఇదే కదా," అన్నాడు చివరికి. "ఇప్పుడు బిగిసే ఉంది. ఎనిమిదీ బిగిసే ఉన్నాయి. కడ్డీలు కూడా తిన్నగా ఉన్నాయి." సంతోషించాల్సిన మాట. ఆయన ముఖంలో సంతోషం లేదు. "ఇది నేను బిగించింది కాదమ్మా. ఇంతలా బిగించడం నాకు చేతకాదు."

సూదికి వినపడింది కాళ్ళు పోలేదన్న సంగతి ఒక్కటే. గోడకి ఆనుకుని ఏడ్చింది.

అప్పుడు నర్సు గది లోంచి తల బయట పెట్టింది. పెద్దావిడ, ముఖం మాడ్చుకుని ఉంది.

"మీరు సీట్లు కుడతారటగా?"

"అవునండీ."

"సీట్లు కుట్టండి, ఎవరొద్దన్నారు. మనుషుల్ని కుట్టడమేంటి మమ్మల్ని పిలవకుండా? ఇలా రండి."

కొసరు మత్తులో ఉంది. కట్టు విప్పి ఉంది. జానెడు గాయం నోరు మూసుకుని ఉంది. ఈ కొస నుంచి ఆ కొస దాకా దగ్గర దగ్గరగా కుట్లు.

"మీరు కాకపోతే ఎవరు మరి? గంట కిందట నేను చూసినప్పుడు ఎముక కనపడుతోంది," అంది నర్సు.

సూది వంగి చూసింది. ఎవరి చేతి కుట్టయినా ఆమె కంటికి తెలుస్తుంది. దారం కాదు అది. వెంట్రుక. నెరిసి, పొడుగ్గా, గుర్రం తోకలా ముతకగా ఉంది. చెల్లెలి జుట్టు నల్లగా ఉంటుంది. అక్క జుట్టు కురచ. కుట్లు సమంగా ఉన్నాయి, ఒక్కటి కూడా వంకర పోలేదు. ముడి కోసం వెతికింది. పైన ఎక్కడా ముడి లేదు. వేలితో తడిమితే చర్మం కింద, లోపలి పక్క, ఆవగింజంత గట్టిగా తగిలింది.

బయట నిలబడి కుట్టేవాళ్ళెవరికీ అక్కడ ముడి వెయ్యడం కుదరదు.

చివరి కుట్టు దగ్గర వెంట్రుక కొస అంగుళం మిగిలి బయటికి ఉంది. సూది దాన్ని పట్టుకోబోయింది. ఆమె వేళ్ళు తగిలే లోపు అది చిన్నగా కదిలింది. ఎవరో అవతల నుంచి లాగి బిగించినట్టు, మెల్లగా, లోపలికి జారిపోయింది.